పాఠకుల ప్రశ్నలు: స్కాట్లాండ్‌లో చదువు, సెలవు రోజు నడక

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. సెప్టెంబరులో ఎం.ఎస్సీ. చదవడానికి గ్లాస్గో వచ్చాను. తరగతులు, లైబ్రరీ, సూపర్ మార్కెట్‌లో పార్ట్ టైమ్ పని, గది తప్ప ఈ దేశంలో నేను చూసిందేమీ లేదు. నవంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది, రోజంతా నీరసంగా ఉంటోంది. తోటివాళ్ళు ఆదివారాలు కొండలకు, సరస్సులకు వెళుతున్నారు. ఇంట్లో అడిగితే ‘చదువుకోమని పంపాం, తిరగమని కాదు’ అంటున్నారు. డబ్బు కూడా లెక్క చూసుకోవాలి. వెళ్ళడం తప్పా? వెళ్ళాలంటే ఎక్కడ మొదలు పెట్టాలి?
— ఒక విద్యార్థిని, గ్లాస్గో

జవాబు: తప్పేమీ లేదు, తప్పకుండా వెళ్ళండి. చదువు సాగాలంటే ముందు ఒంట్లో ఓపిక ఉండాలి. మీరు చెప్పిన నీరసానికి అక్కడి పొద్దు చాలావరకు కారణం కావచ్చు. డిసెంబరులో మీ ఊళ్ళో పగలు పదకొండు గంటలుంటే, గ్లాస్గోలో ఉదయం 8:45 ప్రాంతంలో తెల్లవారి మధ్యాహ్నం 3:45 కల్లా పొద్దుగూకుతుంది. ఆ ఏడు గంటలూ తరగతి గదిలోనో, దుకాణంలోనో గడిచిపోతే వారాల తరబడి ఒంటికి వెలుతురే తగలదు. చలికాలంలో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం మంచిదనీ, మనలాంటి ఛాయ ఉన్నవారు ఏడాది పొడవునా తీసుకోవచ్చనీ అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థే చెబుతుంది. అది మామూలు మందుల దుకాణంలో దొరుకుతుంది. నీరసం అప్పటికీ తగ్గకపోతే, దిగులు ముదిరితే ఇంటి బెంగ అని సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవండి. వీసాతో పాటే ఆరోగ్య రుసుము కట్టారు కనుక, ఇంకా నమోదు కాకపోయి ఉంటే దగ్గరలోని క్లినిక్‌లో వెంటనే పేరు రాయించుకోండి.

మొదలు ఊళ్ళోనే పెట్టండి. పగటి వెలుగులో కెల్విన్ నది గట్టున ఒక గంట నడవడానికి పైసా ఖర్చు లేదు. కెల్విన్‌గ్రోవ్ పార్కు, దాని పక్కనున్న మ్యూజియం కూడా ఉచితమే. ఆ చుట్టుపక్కలే హిందూ మందిరం ఉంది, పండుగనాడు అక్కడ మన భాష వినబడినా వినబడవచ్చు. పోలోక్ పార్కులో జూలు కళ్ళ మీద పడే ఎర్రటి స్కాటిష్ ఆవులు మేస్తుంటాయి. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న నియమం ఎలాగూ ఉంది కనుక, ఆ గంటలన్నీ శని ఆదివారాల్లోనే పడకుండా మేనేజరుతో ముందే మాట్లాడుకుని, కనీసం రెండు వారాలకొక ఆదివారం మీ కోసం మిగుల్చుకోండి.

కొండ విషయానికొస్తే, లోమండ్ సరస్సు ఒడ్డున బాల్మాహా అనే చిన్న ఊరి మీద నిలిచిన కోనిక్ హిల్‌ను మొదటి కొండగా నేను సూచిస్తాను. గ్లాస్గో నుంచి బాలోక్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. విద్యార్థి రైల్ కార్డు ఉంటే టికెట్ ధరలో మూడో వంతు తగ్గుతుంది. 22 ఏళ్ళ లోపువారు స్కాట్లాండ్‌లో నివసిస్తూ కార్డు తీసుకుంటే బస్సులు పూర్తిగా ఉచితం. కొండ ఎత్తు దాదాపు 360 మీటర్లే. దారి పైన్ చెట్ల మధ్యగా మొదలై, తర్వాత రాతి మెట్లుగా మారి, చివర కాస్త నిటారుగా ఉంటుంది. ఎక్కి దిగడానికి నెమ్మదిగా నడిచినా మూడు గంటలు చాలు. 154 కిలోమీటర్ల వెస్ట్ హైలాండ్ వే అనే ప్రసిద్ధ నడకదారి ఈ కొండ భుజం మీదుగానే పోతుంది. పైకెక్కి సరస్సు వైపు చూస్తే లంకలు ఒకదాని వెనక ఒకటి వరుసగా కనిపిస్తాయి. స్కాట్లాండ్ దక్షిణాది పల్లపు నేలకూ ఉత్తరాది కొండసీమకూ హద్దు గీసిన భూభ్రంశ రేఖ, అంటే నేల పొరలు విరిగి జరిగిన చోటు, సరిగ్గా అక్కడి నుంచే పోతుంది. లంకల వరుస ఆ రేఖనే పట్టుకుని ఉంటుంది. మీది ఏ శాస్త్రమైనా, అంత పెద్ద భూగర్భ పాఠాన్ని కంటితో చూసే అవకాశం మళ్ళీ సులభంగా రాదు.

కొనవలసినవి కొన్నే. జీన్స్ వేసుకుని వెళ్ళకండి. నూలు బట్ట తడిస్తే గంటలకొద్దీ ఆరదు, గాలి తగిలే కొద్దీ ఒంట్లో వేడి పోతుంది. వాన ఆగే జాకెట్టు, అడుగున గాడులున్న బూట్లు, లోపల వేసుకోవడానికి ఉన్ని స్వెటరు ఉంటే చాలు, దానంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే చారిటీ షాపుల్లో ఇవన్నీ చవకగా దొరుకుతాయి. కింద ఎండ కాస్తున్నా వంద మీటర్లు ఎక్కేసరికి ఒక డిగ్రీ దాకా చలి పెరగవచ్చు. తినడానికి పులిహోర కట్టుకుని వెళ్ళండి. చల్లారినా రుచి పోదు, బండ మీద కూర్చుని చెంచాతో తినవచ్చు. ఫ్లాస్కులో వేడి టీ పోసుకోండి. తలకు కట్టుకునే టార్చి, ఈల, ఫోను ఛార్జింగుకు పవర్ బ్యాంకు ఉండాలి. కొండ మీద దారి తప్పినా, కాలు మడతపడినా 999కు ఫోన్ చేసి ముందు పోలీసులనూ, తర్వాత కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే మౌంటెన్ రెస్క్యూనూ అడగాలి. ఆ బృందాలలో ఉన్నది స్వచ్ఛంద సేవకులు, రక్షించినందుకు డబ్బు తీసుకోరు. ఫోను అందని చోట నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

చలికాలంలో అయితే పొద్దుగూకడానికి రెండు గంటల ముందే కిందికి దిగి ఉండేలా బయలుదేరండి. బాల్మాహా నుంచి తిరిగి వచ్చే బస్సులు తక్కువ కనుక చివరి బస్సు వేళ ముందే చూసి పెట్టుకోండి. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా గాలి లేని సాయంత్రాలలో మిడ్జ్ అనే చిన్న దోమలు గుంపులుగా కమ్ముతాయి. గాలి వీచే గట్టు మీద అవి నిలవలేవు. గడ్డిలో పిడుదు లాంటి టిక్ పురుగులు పట్టుకుంటాయి. గదికి రాగానే మోకాళ్ళ వెనక, నడుము దగ్గర వెతికి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతే వైద్యుడికి చూపించాలి. అది లైమ్ వ్యాధి కావచ్చు, మొదట్లోనే మందులు వాడితే నయమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి డండీలో చదువుతున్నాడు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్ జలపాతంలో ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు చనిపోయారన్న వార్త చదివినప్పటి నుంచి మాకు కంటి మీద కునుకు లేదు. ఎక్కడికీ వెళ్ళనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాం. మేం చేసింది సరైనదేనా?
— ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ భయంలో న్యాయముంది, ఆ తల్లిదండ్రుల దుఃఖం ఎవరికీ రాకూడదు. అయినా ఆ ఒట్టును వెనక్కి తీసుకోమనే చెబుతాను. ఆ వయసు కుర్రాడు స్నేహితులతో వెళ్ళకుండా ఉండడు. ఒట్టు ఉంటే చెప్పకుండా వెళతాడు, అప్పుడు ఎక్కడున్నాడో తెలిసినవారు ఒక్కరూ ఉండరు.

పిట్లోక్రీ అనే ఊరి దగ్గర టమ్మెల్, గ్యారీ నదులు కలిసే చోట ఉన్న లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం వద్ద ఆ ప్రమాదం జరిగింది. మన కాలువల్లో ఈదిన పిల్లలకు అక్కడి నీటి స్వభావం తెలియదు. ఏప్రిల్‌లో, జూన్‌లో కూడా ఆ నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా అందులో పడ్డవారికి తమ ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగదన్నుతుంది, ఆ క్షణంలో తల మునిగితే ఈత వచ్చినవారు కూడా నీరు మింగేస్తారు. కొన్ని నిమిషాల్లోనే చేతులు, కాళ్ళు బిగుసుకుపోతాయి. జలపాతాల పక్కన రాళ్ళు నాచుపట్టి జారుతాయి. సరస్సుల్లో ఒడ్డు నుంచి నాలుగడుగులు వేసేసరికి ఉన్నట్టుండి లోతు రావచ్చు.

అందువల్ల మీ అబ్బాయి దగ్గర ఈ మాటలు తీసుకోండి. జలపాతం అంచున తడిరాళ్ళ మీదికి ఫోటోల కోసం దిగకూడదు. జీవరక్షకులు లేని చోట నీళ్ళలోకి దిగనే కూడదు. పొరపాటున పడితే ఈదడానికి పెనుగులాడకుండా, వెల్లకిలా తేలి, చెవులు నీళ్ళలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. ఇంకొకరు పడితే తాను దూకకుండా తాడో, లైఫ్ బెల్టో విసిరి, 999కు ఫోన్ చేయాలి. నదుల దగ్గర, సరస్సుల దగ్గర అయితే ఫైర్ సర్వీసును, సముద్రం దగ్గర అయితే కోస్ట్‌గార్డును అడగాలి. స్నేహితుణ్ణి రక్షించబోయి రెండోవాడు కూడా పోవడం నీటి ప్రమాదాల్లో తరచుగా జరిగేదే, అందుకే ఈ మాట పిల్లలకు పదేపదే చెప్పాలి.

బయలుదేరే ముందు ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగి వచ్చేది అన్న మూడు వివరాలు మీకూ, అక్కడే ఉన్న ఒక స్నేహితుడికీ పంపమని చెప్పండి. చెప్పిన వేళకు రాకపోతే పోలీసులకు ఫోన్ చేయవలసింది ఆ స్నేహితుడే. విశ్వవిద్యాలయాల్లో కొండలెక్కే విద్యార్థి సంఘాలుంటాయి, కొత్తవారిని అనుభవం ఉన్నవారి వెంట తీసుకెళతారు. మీ అబ్బాయిని ముందు అలాంటి సంఘంలో చేరమనండి. డండీ ఊరి మధ్యలోనే లా అనే 174 మీటర్ల గుట్ట ఉంది, దాని మీద నుంచి టే నది, రైలు వంతెన కనిపిస్తాయి. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్ళి, పైకెక్కాక మీకు వీడియో కాల్ చేయమని అడగండి.