చారా? పగులా? నాణ్యమా, నాణ్యతా?

సందేహం: వంటగట్టుకు కొత్తగా నల్ల గ్రానైట్ వేయించాం. సింక్ ముందు సన్నగా ఒక గీత కనిపిస్తోంది. మేస్త్రీ అది చారే అంటాడు, ఇంట్లోవాళ్లు పగులు అంటున్నారు. కాంట్రాక్టరుకు ఉత్తరం రాయాలి. 'నాణ్యం' బాగాలేదు అని రాయాలా, 'నాణ్యత' అనాలా?

సమాధానం: ముందు గీత సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ మాట మారితే డబ్బు లెక్కే మారిపోతుంది. చార అంటే రంగు తేడా. ఉడుత వీపు మీద ఉండేవి చారలు, అక్కడ తెగిందేమీ లేదు. పగులు అంటే రాయి విడిపోయిందని. గోటితో ఆ గీతకు అడ్డంగా గీయండి. గోరు జారిపోతే చాలావరకు చారే, తట్టుకుని ఆగితే పగులని అనుమానించాల్సిందే. ఇంకా టెన్షన్‌గా ఉంటే కాసిని నీళ్లు పోసి పావుగంట ఆగి తుడవండి, గీత ఒక్కటే నల్లగా తడిగా మిగిలిపోతే లోపలికి నీరు దిగినట్టు. సింక్ కోసం రాయి కోసినచోట ముందువైపు మిగిలేది సన్నటి పట్టీ, పగిలితే ముందు అక్కడే పగులుతుంది, కాబట్టి మీ ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయకండి. బీట అన్నా తప్పు కాదు గానీ ఆ మాట గోడకూ పాదానికీ ఎక్కువ నప్పుతుంది. నెర్రె ఎండిన పొలానిది. అంచు చిట్లి చిన్న ముక్క రాలితే పెచ్చు ఊడిందనాలి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైట్‌లో మెరిసే బంగారు చుక్కలుంటాయే, అవి రాతితో పుట్టినవి, వాటిని మచ్చలని ఫిర్యాదులో రాయకండి.

ఇక నాణ్యం. ఇది నాణేనికి చుట్టం. నాణెం మంచిదో కాదో మోగించి చూసేవాళ్లు, ఆ పరీక్షకు నిలిచే గుణమే నాణ్యం. మా వంటగట్టు వేసినప్పుడు నేను రూపాయి బిళ్లతో బండంతా తడుతూ వెళ్లాను, అంతటా టంగుమంది, పొయ్యి పక్క మూల మాత్రం డబ్‌డబ్ మంది. అక్కడ కింద సిమెంటు మాలు సరిగా పడలేదన్నమాట, లేపించి మళ్లీ వేయించాను. మేస్త్రీలు దీన్ని 'డొల్ల' అంటారు, ఎంత చక్కటి మాటో చూడండి, చెవికి వినిపించినదాన్నే చెబుతుంది.

మధుర, సరళ లాంటి విశేషణాలకు 'త' చేరిస్తే మధురత, సరళత అవుతాయి. నాణ్యం అలా కాదు, అదే నామవాచకం, దానికి మళ్లీ 'త' అక్కర్లేదు. అయితే పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో నాణ్యత ఎప్పుడో స్థిరపడిపోయింది, రాసినవాళ్లను తప్పుపట్టను. నేను మాత్రం నాణ్యం అనే రాస్తాను. 'నాణ్యమైన రాయి' నిక్షేపంలాంటి తెలుగు.

కానీ మీ ఉత్తరంలో ఈ రెండూ వద్దంటాను. నాణ్యం బాగాలేదంటే, బాగానే ఉందని ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. గోరు ఆగిందని తేలితే ఇలా రాయండి: 'సింక్ ముందు పట్టీలో పగులు ఉంది, గోరు ఆగుతోంది, నీళ్లు దిగుతున్నాయి. వచ్చి చూసి బండ మార్చండి.'