వృద్ధి రేటు అన్ని శాస్త్రాల్లోనూ ఒకటేనా?

మూలసూత్రం దాదాపు ఒకటే: కొంత వ్యవధిలో వచ్చిన మార్పును మొదట ఉన్న విలువతో భాగించాలి. 200 ఉన్నది ఏడాదిలో 210 అయితే వృద్ధి రేటు 5 శాతం. దేన్ని కొలుస్తున్నాం, ఎంత వ్యవధికి అన్నదే రంగాన్ని బట్టి మారుతుంది.

జీవశాస్త్రంలో వ్యవధి నిమిషాల్లో ఉండొచ్చు. అన్నీ అనుకూలిస్తే ఇ.కోలై బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క కణం 10 గంటల్లో 30 సార్లు రెట్టింపై 107 కోట్లు దాటుతుంది. ఇది ఎల్లకాలం సాగదు. ఆహారం తగ్గి, వ్యర్థాలు పేరుకునే కొద్దీ రేటు పడిపోయి, చివరికి పెరుగుదల ఆగిపోతుంది.

జనాభా దగ్గరే చాలామంది తికమకపడతారు. ప్రపంచ జనాభా వృద్ధి రేటు 1960లలో 2 శాతం దాటింది, ఇప్పుడు 1 శాతం లోపే. అయినా జనాభా పెరుగుతూనే ఉంది. రేటు తగ్గడం వేరు, సంఖ్య తగ్గడం వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం వార్తలు సరిగ్గా అర్థమవుతాయి.

పిల్లల ఎత్తు విషయంలో వైద్యులు శాతం చూడరు, ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగారో చూస్తారు.

ఆర్థికశాస్త్రంలో ముందు ధరల పెరుగుదలను తీసేయాలి. ఉత్పత్తి విలువ 9 శాతం పెరిగి, ధరలే 6 శాతం పెరిగితే అసలు వృద్ధి 3 శాతానికి కాస్త తక్కువే. స్థిరమైన రేటుకు ఒక సులువు లెక్క ఉంది: 70ని శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం వస్తుంది. ఏటా 7 శాతమైతే సుమారు 10 ఏళ్లు. ఆధార విలువనూ గమనించాలి. 100 కాస్తా 50 శాతం పడి, తర్వాత 50 శాతం పెరిగితే చేతికొచ్చేది 75 మాత్రమే.