గ్రెప్‌లో ఐదు అచ్చులూ ఉన్న ఇంగ్లీషు మాటలు: బ్రాకెట్ల దగ్గరే తేడా వచ్చింది

గ్రెప్ (grep: ఫైల్లో మనం అడిగిన అక్షరాలున్న వరుసల్ని వెతికి చూపే కమాండు)తో ఏ (a), ఈ (e), ఐ (i), ఓ (o), యూ (u) ఐదూ ఉన్న మాటలు అడిగితే డిక్షనరీ మొత్తం వచ్చేస్తోందన్నారు. మీరు పెట్టిన చదరపు బ్రాకెట్లే కారణం. [ ] మధ్య ఎన్ని అక్షరాలు రాసినా, వాటిలో ఏదో ఒక్కటి ఉంటే చాలు అనే అర్థం. అచ్చు లేని ఇంగ్లీషు మాటలు ఎన్నుంటాయి చెప్పండి!

ఇలా చేయండి:

1. మొదటి గ్రెప్‌కి ఏ (a) అక్షరం, పక్కన మాటల ఫైలు పేరు.
2. తర్వాత | గుర్తు (దీన్నే పైపు అంటారు, ముందు వచ్చిన ఫలితాన్ని తర్వాతి కమాండుకి అందిస్తుంది), మళ్ళీ గ్రెప్, ఈ (e) అక్షరం మాత్రమే.
3. అలాగే ఐ, ఓ, యూ.

చాలామంది తప్పేది రెండో మెట్టులోనే. అలవాటుగా అక్కడా ఫైలు పేరు రాసేస్తారు. అప్పుడు గ్రెప్ పైపులోంచి వచ్చినదాన్ని పట్టించుకోదు, ఫైలును మళ్ళీ మొదటినుంచీ వెతుకుతుంది. అన్నిటికీ అలా రాస్తే చివరికి యూ ఉన్న మాటలన్నీ వచ్చి పడతాయి. ఫైలు పేరు ఒక్కసారే, మొదట్లోనే.

పెద్ద అక్షరాలతో మొదలయ్యే పేర్లు కూడా కావాలంటే ప్రతి గ్రెప్‌కీ హైఫన్ ఐ (-i) తగిలించండి.

సరిచూసుకోవడానికి: ఎడ్యుకేషన్ (education), సెకోయా (sequoia) రెండూ రావాలి.

అచ్చులు అదే వరుసలో కావాలంటే ఒక్క గ్రెప్ చాలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య .* (మధ్యలో ఏమున్నా, ఏమీ లేకపోయినా సరే అని అర్థం) పెట్టండి. ఫసీషియస్ దొరుకుతుంది: ఎఫ్, ఏ, సీ, ఈ, టీ, ఐ, ఓ, యూ, ఎస్. ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ఎడ్యుకేషన్ మాత్రం ఇందులో రాదు, దాని వరుస ఈ, యూ, ఏ, ఐ, ఓ.