బట్టలకొట్టు వెబ్‌సైట్‌కి ఏ గ్రిడ్?

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుణుపురం బట్టలకొట్టు వాళ్లకి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ వెబ్‌సైట్ చేస్తానని ఒప్పుకున్నావట, మంచిదే. పేజీని కాలమ్‌లుగా పంచే గ్రిడ్ కోసం బూట్‌స్ట్రాపా, టెయిల్‌విండా (రెండూ రెడీమేడ్ సీఎస్ఎస్, అంటే పేజీ రూపం చెప్పే కోడ్, ఫ్రేమ్‌వర్కులే), అసలేదీ లేకుండానా అని అడిగావు. పేరు తర్వాత చూద్దువుగానీ, ముందు ఫోన్ వెడల్పు 360 పిక్సెళ్లు అనుకుని లెక్క కట్టు.

బూట్‌స్ట్రాప్ 5లో ‘కాల్-6’ (వరసలోని 12 వంతుల్లో 6) పెట్టి చీరలు రెండేసి చూపించావనుకో. ఒక్కో కాలమ్‌కి 180 వస్తుంది. రెండు పక్కలా 12 చొప్పున గటర్ (కాలమ్‌ల మధ్య ఖాళీ) పోతే 156. లోపల కార్డ్ (అంచు ఉన్న పెట్టె) పెడితే దాని బాడీ ప్యాడింగ్‌కి (లోపలి ఖాళీకి) 16 చొప్పున, అంచుకి 1 చొప్పున పోయి చివరికి అక్షరాలకి మిగిలేది 122. కార్డ్ శీర్షిక సైజు 20 పిక్సెళ్లు. ‘సంప్రదించవలసినవారు’ లాంటి మాట అందులో పట్టదు. కార్డ్‌లో అయితే మాట మధ్యకి విరిగి కింది వరసలోకి పోతుంది, కార్డ్ లేకపోతే పక్క కాలమ్ మీదకి ఎక్కుతుంది. ఇంగ్లీషు పేజీలో ‘సిల్క్ శారీస్’ అని చక్కగా కూర్చుంటుంది కాబట్టి దాన్ని చూసి అంతా బాగుందనుకుంటారు. అందుకే డిజైన్ మొదలెట్టేది ఒడియా, తెలుగు పేజీలతోనే. కొట్టువాళ్లు రాసిచ్చిన వాటిలో అన్నిటికంటే పొడుగు మాట ఏరి, ముందు దాన్నే పెట్టి చూడు.

గటర్‌ని ‘జీ-2’ అనే చిన్న సైజుకి తగ్గిస్తే 156 కాస్తా 164 అవుతుంది, అంతకంటే ఒరిగేదేమీ లేదు. ఫోన్‌లో వరసకి ఒక్కటే పెట్టేయడం నయం: ‘కాల్-12 కాల్-ఎండి-6 కాల్-ఎల్‌జి-4’ (ఫోన్‌లో ఒకటి, ఎండిలో రెండు, ఎల్‌జిలో మూడు). ఎండి అంటే తెర వెడల్పు 768 నుంచి పైకి, ఎల్‌జి అంటే 992 నుంచి పైకి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పాత బూట్‌స్ట్రాప్ 3లో ఎండి అంటే 992. ‘కాల్-ఎక్స్ఎస్-12’ అనేది 4 నుంచి లేనే లేదు. ఎక్కడిదో పాత నమూనా తెచ్చి అతికిస్తే ఎర్రర్ ఏమీ చూపించదు, వరస మాత్రం చెదిరిపోతుంది. ఇంకోటి, ‘రో’ని (కాలమ్‌లుండే వరసని) కంటైనర్‌లోనే (వరసల్ని చుట్టే పెట్టెలోనే) పెట్టు. దానికి రెండు పక్కలా మైనస్ మార్జిన్ ఉంటుంది, బయట పెడితే పేజీ అడ్డంగా జరగడం మొదలెడుతుంది.

బూట్‌స్ట్రాప్ మొత్తం అక్కర్లేదు, గ్రిడ్ ఫైల్ విడిగా దొరుకుతుంది. దాంతోపాటు రీబూట్ ఫైల్ (బ్రౌజర్ల మూల శైలుల్ని సరిచేసేది) కూడా కలుపుకో. ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’ పేజీ మొత్తానికి వర్తించేది అందులోంచే. అది లేకపోతే నూరు శాతం వెడల్పుకి ప్యాడింగ్ అదనంగా చేరి పేజీ పొంగుతుంది.

టెయిల్‌విండ్ మంచిదే, కానీ రాసిన క్లాసుల నుంచి సీఎస్ఎస్ ఫైల్ తయారుచేసే బిల్డ్ స్టెప్ ఉంటుంది. ఏడాది తర్వాత కొట్టువాళ్లు వేరే కుర్రాడి చేత పేజీ రూపం మార్పించుకోవాలంటే, అతనికి మామూలుగా నోడ్, ఎన్‌పీఎమ్ అనే పనిముట్లు తెలియాలి. స్క్రిప్ట్ లింక్ ఒక్కటి పెట్టేసి నడిపించే ప్లే సీడీఎన్ పద్ధతి ప్రయోగాలకే, అసలు సైట్‌కి వాడొద్దని టెయిల్‌విండ్ వాళ్లే చెబుతారు. ఈ పనికి టెయిల్‌విండ్ వద్దంటాను. బూట్‌స్ట్రాప్, టెయిల్‌విండ్ రెండూ కలిపి వాడే ఆలోచన అసలే వద్దు, ‘కంటైనర్’ అనే క్లాస్ రెండింట్లోనూ ఉంది.

నన్నడిగితే ఈ కొట్టుకి ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు. బ్రౌజర్‌లోనే ఉండే సీఎస్ఎస్ గ్రిడ్ 2017 మార్చి నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ ఉంది. చీరల జాబితాకి ఒక్క వరస చాలు: ‘రిపీట్(ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్(మిన్(100%, 15రెమ్), 1ఎఫ్ఆర్))’. 15 రెమ్ అంటే మామూలుగా 240 పిక్సెళ్లు, 1ఎఫ్ఆర్ అంటే మిగిలిన చోటులో ఒక వాటా. ఫోన్‌లో ఒకటి, వెడల్పు పెరిగేకొద్దీ రెండు, మూడు వాటంతటవే పడతాయి, మీడియా క్వెరీ (వెడల్పుని బట్టి రూపం మార్చే నియమం) రాయక్కర్లేదు. లోపలి ‘మిన్’ మానేస్తే 240 కంటే ఇరుకు చోట పొంగుతుంది. ఆటో-ఫిల్ బదులు ఆటో-ఫిట్ రాస్తే, కోట్‌పాడ్ చీరలు రెండే ఉన్న పేజీలో ఆ రెండూ కంప్యూటర్ తెర నిండా సాగి కూర్చుంటాయి.

కాలమ్‌లు ఇన్నే అని తేల్చి రాసేచోట ఉత్త ‘1ఎఫ్ఆర్’ వద్దు, ‘మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్)’ రాయి. ఉత్త 1ఎఫ్ఆర్ పొడుగు మాటకి లొంగిపోయి వెడల్పవుతుంది, పక్క కాలమ్ నలిగిపోతుంది. టెయిల్‌విండ్ తన గ్రిడ్ క్లాసుల్లో ఈ జాగ్రత్త ముందే తీసుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఏది వాడినా లైన్-హైట్ మార్చు. బూట్‌స్ట్రాప్ శీర్షికలకి 1.2 ఇస్తుంది. తెలుగులో పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. శీర్షికకి 1.5, మామూలు పాఠానికి 1.7 పెట్టు. పేజీని ఫోన్ వెడల్పుకే వేయమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మరిచిపోకు, అది లేకపోతే ఫోన్ పేజీని 980 వెడల్పుకి వేసి చిన్నది చేసి చూపిస్తుంది.

చూడాల్సిన వెడల్పులు 320, 360, 768, 1366. ఎక్కడైనా అడ్డంగా జరిగితే అన్నిటికీ ఎర్ర అవుట్‌లైన్ (చోటు తీసుకోని గీత) పెట్టు, బయటికి పొడుచుకొచ్చిన పెట్టె దొరుకుతుంది. బోర్డర్ మాత్రం పెట్టకు, దాని మందం కూడా లెక్కలో పడి కొలత మారుతుంది.

ముందు ఒడియా పేజీ 360లో ఎలా ఉందో స్క్రీన్‌షాట్ పంపు. మీ అమ్మనడిగానని చెప్పు.

మామయ్య