న్యూ ఇయర్‌కి సిడ్నీ: లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను రాజమండ్రిలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. ఈ డిసెంబర్ 31 రాత్రి సిడ్నీ హార్బర్‌లో బాణసంచా చూడాలని పదేళ్ల మా పాప కోరిక. ముగ్గురికీ వారం రోజులకు ఆరున్నర లక్షలవుతుందని ట్రావెల్ ఏజెంట్ చెప్పారు. చేతిలో మూడున్నర లక్షలున్నాయి. అత్యవసరాలకని పెట్టిన 2 లక్షల ఎఫ్‌డీ వేరే ఉంది. నెలకు 15 వేలు మిగులుతాయి. మిగతా 3 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,250 కట్టాలి. వడ్డీయే 69 వేలు దాటుతుంది. పైగా వీసాకి ముందు ఖాతాలో ఒక్కసారిగా మూడు లక్షలు పడితే, అవి ఎక్కడివని అడుగుతారు.

పాపను తప్పకుండా తీసుకెళ్లండి, తేదీ మాత్రం మార్చండి. డిసెంబర్ 31కి హార్బర్ చుట్టుపక్కల హోటళ్ల రేట్లు మండిపోతుంటాయి. వచ్చే ఏడాది మే చివరి వారం చూడండి. మనకు వేసవి సెలవులు, అక్కడ చలికాలం మొదలు. వివిడ్ సిడ్నీ అనే దీపాల వేడుక సాధారణంగా అప్పుడే జరుగుతుంది. ఆపెరా హౌస్ తెరచాపల్లాంటి పైకప్పు మీద రంగులు కదులుతుంటాయి. ఒడ్డున నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు.

నిజానికి సిడ్నీలో చూడాల్సినవాటికి పెద్దగా ఖర్చు కాదు. సర్క్యులర్ కీ రేవులో మ్యాన్లీ బీచ్‌కి వెళ్లే ఫెర్రీ ఎక్కి బయట డెక్ మీద నిలబడితే ఒకవైపు ఆపెరా హౌస్, వెనక 1932 నాటి హార్బర్ బ్రిడ్జి. అరగంటలో సముద్రపు ఒడ్డున దిగుతారు. శుక్రవారం నుంచి ఆదివారం వరకు రోజంతా బస్సు, రైలు, ఫెర్రీ ఎన్ని ఎక్కినా పెద్దవాళ్లకు చార్జీ దాదాపు 10 ఆస్ట్రేలియా డాలర్ల దగ్గర ఆగిపోతుంది. పాపకు చైల్డ్ ఓపల్ కార్డు (అక్కడి బస్సు, రైలు, ఫెర్రీల్లో ట్యాప్ చేసే పిల్లల కార్డు) తీసుకోండి. తన కోసం మీ బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే పెద్దవాళ్ల చార్జీ పడుతుంది. బ్రిడ్జి ఆర్చ్ ఎక్కించే టూర్‌కి మనిషికి వందల డాలర్లు. అదే బ్రిడ్జి మీద ఫుట్‌పాత్‌లో నడిచి వెళ్లడం ఉచితం, నా ఓటు దానికే. బొటానిక్ గార్డెన్‌కీ టికెట్ లేదు.

ఇక డబ్బు సంగతి. ఈ జనవరి నుంచి వచ్చే ఏడాది ఏప్రిల్ దాకా 16 నెలలు 15 వేల చొప్పున ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కడితే, వడ్డీతో కలిపి రెండున్నర లక్షల దాకా వస్తుంది. ఉన్నదానితో కలిపితే ఆరు లక్షలు. న్యూ ఇయర్ రేట్లు లేకపోతే అది సరిపోతుంది. విమానం టికెట్లు ముందే కొనాలి కాబట్టి వాటికి చేతిలో ఉన్న డబ్బు వాడండి. ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి.

ప్యాకేజీ తీసుకుంటే ఏజెంట్ టీసీఎస్ (ముందుగానే తీసుకునే పన్ను) వసూలు చేస్తారు. ఆ రసీదు దాచుకుని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించండి, పన్నులో సర్దుబాటవుతుంది. మీ క్రెడిట్ కార్డుకి ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో ఖర్చుపై బ్యాంకు వేసే అదనపు చార్జీ) ఎంతో ముందే కనుక్కోండి, చాలా కార్డులకు 3 శాతం పైనే ఉంటుంది. అక్కడ షాపులో మెషీన్ రూపాయలా, డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల మారకం రేటు మీ నెత్తిన పడుతుంది.