పిక్క పట్టిందా, నరం పట్టిందా?

సందేహం: సింహాచలం గిరిప్రదక్షిణ చేసి వచ్చాక మా ఇంట్లో అందరూ ‘పిక్క నరం పట్టేసింది’ అంటున్నారు. పట్టేది కండరం కదా, నరం అనవచ్చా? వ్యాయామ శిక్షకులు చెప్పే ‘కోర్’ను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మాటల్లో అలా అంటే తప్పుపట్టనక్కరలేదు గాని, రాతలో ‘పిక్క పట్టింది’ అంటే చాలునమ్మా. మన వాడుకలో ముంజేతి మీద నీలంగా తేలే రక్తనాళమైన ‘సిర’ కూడా నరమే, మడమ వెనుక గట్టిగా తగిలే, కండను ఎముకకు కలిపే స్నాయువూ నరమే, మెదడు ఆజ్ఞలను మోసే నాడీ నరమే. ఆరోగ్యం గురించి రాసేటప్పుడు ఈ కలగాపులగం పనికిరాదు. పిక్క పట్టినప్పుడు అక్కడి కండ బిగుసుకొని చేతికి గట్టిగా తగులుతుంది. మోకాలు చాపి, కాలివేళ్ళను మన వైపు లాగి పట్టుకుంటే సాధారణంగా కాసేపటికి వదులుతుంది. పిర్ర నుంచి తొడ వెనుకగా పాదం దాకా మంటగా పాకే నొప్పి వేరు, అది తుంటి నాడికి సంబంధించినది కావచ్చు. నరం అన్న మాటను అటువంటి బాధకే ఉంచుకుంటే వైద్యుడికి చెప్పేటప్పుడు అయోమయం ఉండదు.

పారిపోవడాన్ని ‘పిక్కబలం చూపడం’ అనడంలో మన నుడికారం ఎంత నిక్కచ్చిగా ఉందో గమనించండి. మడమను పైకెత్తి, మునివేళ్ళ మీదుగా దేహాన్ని ముందుకు తోసేవి పిక్క కండరాలే కనుక, దాదాపు 32 కిలోమీటర్ల ప్రదక్షిణలో అడుగడుగునా శ్రమ వాటిదే. సింహగిరి మెట్లు ఎక్కేటప్పుడు పిర్ర కండరాలు, తొడ ముందరి కండరాలు శరీరాన్ని పైకి లేపుతాయి. దిగేటప్పుడు తొడ ముందరి కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి రావడం వల్ల, మరునాడు తొడలు ఎక్కువగా పీకుతాయి. తొడ వెనుక కండరాలు మోకాలిని మడుస్తాయి.

ఇక ‘కోర్’కు నడుము అన్న ఒక్క మాట సరిపోదు, ఎందుకంటే నడుము నొప్పి అనగానే మనకు వెనుక భాగమే స్ఫురిస్తుంది. పొట్ట ముందరి నిలువు కండరాలు, డొక్కల పక్కనుండే ఏటవాలు కండరాలు, వాటి లోపల పట్టీలా చుట్టుకొన్న అడ్డ కండరం, వెన్ను వెంబడి కండరాలు, పైన ఛాతీకి, పొట్టకు నడుమ ఉండే విభాజక పటలం, అడుగున కటిని, అంటే తుంటి ఎముకల మధ్య భాగాన్ని, కింద నుంచి మోసే కండరాలు అన్నీ కలిస్తేనే కోర్. బరువెత్తేముందు ఇవన్నీ బిగిసి వెన్నుకు దన్నుగా నిలుస్తాయి. కాబట్టి మొదటిసారి ‘కోర్, అంటే పొట్ట, నడుము కండరాలు’ అని రాసి, తరువాత కోర్ అనే వాడడం మేలని నా అభిప్రాయం. ‘కేంద్రక కండరాలు’ వంటి కల్పన మాత్రం వద్దు. కేంద్రకమంటే చదువుకున్నవారికి కణంలోనిదో, పరమాణువులోనిదో గుర్తుకొస్తుంది.