మూడు వందల కమాండ్ల పీడీఎఫ్ పక్కన పెట్టు బిడ్డా

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. బత్తాయి తోట ఉంది, కొంత పత్తి వేస్తాం. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ కంప్యూటర్స్ చేసింది. తర్వాత హైదరాబాద్‌లో మూడు నెలలు నెట్‌వర్కింగ్ కోర్సు చేసింది. ఈమధ్య ఇంటర్వ్యూకు పోతే నల్ల స్క్రీన్ ముందు కూర్చోబెట్టి "ఈ కంప్యూటర్‌కు నెట్ ఎందుకు రావట్లేదో కనుక్కో" అన్నారట. చేతులు ఆడలేదంటోంది. అప్పటి నుంచి కోర్సువాళ్లు ఇచ్చిన మూడు వందల కమాండ్ల పీడీఎఫ్ ప్రింట్ తీయించుకుని రాత్రి రెండింటి దాకా బట్టీ పడుతోంది. ఫోన్ దగ్గర్నుంచి టీవీ దాకా అన్నీ వేలితో నొక్కితే నడుస్తున్న రోజుల్లో ఈ మంత్రాలెందుకు? ఎన్ని నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? మా బావమరిది బీఎడ్ చేయించమంటున్నాడు.

జవాబు: ముందు మీతో మాట్లాడి, తర్వాత అమ్మాయితో మాట్లాడతాను. ఇద్దరి టెన్షన్ ఒకటి కాదు.

మీ తోటలో బోరు మోటారు ఉండే ఉంటుంది. పచ్చ బటన్ నొక్కితే నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ఆ బటన్లే మెనూ అనుకోండి. ఒకరోజు ఎంత నొక్కినా మోటారు లేవదు. మెకానిక్‌ను పిలిస్తే ఆయన బటన్ జోలికి పోడు. స్టార్టర్ డబ్బా మూత తీసి, టెస్టర్ పెట్టి, మూడు ఫేజులూ వస్తున్నాయా, రిలే పడిందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాడు. ఆఫీసు కంప్యూటర్లకు నెట్ అందేలా చూసే నెట్‌వర్క్ అడ్మిన్ పని కూడా అంతే. అన్నీ బాగున్న రోజు ఆయన్ను ఎవరూ తలుచుకోరు. బటన్ పనిచేయని రోజే ఆయన కావాలి. ఆ టెస్టరే కమాండ్ లైన్, అంటే నల్ల స్క్రీన్ మీద మాటలు టైపు చేసి కంప్యూటర్‌ను అడిగే పద్ధతి.

ఇంకో సంగతి. పెద్ద ఆఫీసుల్లో స్విచ్‌లు (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిపే పెట్టెలు), సర్వర్లు (అందరికీ పనిచేసిపెట్టే పెద్ద కంప్యూటర్లు) ఎక్కడో తాళం వేసిన గదిలో ఉంటాయి. విండోస్ లాంటిదే లినక్స్ అని ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, చాలా లినక్స్ సర్వర్లలో మౌస్‌తో నొక్కే స్క్రీనే పెట్టరు. అడ్మిన్ ఇంకో ఊళ్లో కూర్చుని అక్షరాలతోనే వాటితో మాట్లాడాలి. యాభై స్విచ్‌లకు ఒకే మార్పు చేయాలంటే యాభై సార్లు మెనూలు తెరవడం ఎవరి వల్లా కాదు. అదే పనిని పది లైన్ల టెక్స్ట్‌గా రాసిపెట్టుకుంటే మళ్లీ మళ్లీ వాడొచ్చు. మెనూలు ప్రతి కొత్త వెర్షన్‌కూ జాగా మారతాయి. అవతలి మిషన్ పలుకుతోందా అని చూసే పింగ్ కమాండ్‌ను మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాశాడు. నలభై ఏళ్లు దాటినా పేరు మారలేదు, పని మారలేదు. కాబట్టి ఇవి మంత్రాలు కావు, పాత పనిముట్లు.

ఇక నీతో, బిడ్డా. ఆ ప్రింట్ బీరువాలో పెట్టెయ్. నువ్వు చదవక ఇంటర్వ్యూ పోలేదు, ఇప్పుడు బట్టీ పట్టినా లాభం లేదు. బట్టీ ఈ సబ్జెక్టులో ఎందుకు పనికిరాదో ఒక్క పింగ్‌తోనే చెప్తాను.

విండోస్‌లో పింగ్ పక్కన మైనస్ ఎన్ పెట్టి 10 అని రాస్తే పదిసార్లు పంపమని అర్థం. లినక్స్‌లో అదే మైనస్ ఎన్ అంటే పేర్లు వెతకకుండా నంబర్లే చూపించమని. అక్కడ ఎన్నిసార్లో చెప్పాలంటే మైనస్ సి వాడాలి. విండోస్‌లో మైనస్ టి అంటే ఆపేదాకా పంపుతూనే ఉండు అని. లినక్స్‌లో మైనస్ టి అంటే టీటీఎల్ అంకె (పంపే డేటా ముక్క, అంటే ప్యాకెట్, ఎన్ని మజిలీల దాకా పోవచ్చో) పెట్టడం, ఆపేదాకా పంపడం మాత్రం అక్కడ చెప్పకుండానే జరుగుతుంది. విండోస్ పింగ్ నాలుగు పంపి తనే ఆగుతుంది, లినక్స్ పింగ్‌ను కంట్రోల్ సి కొట్టి ఆపాలి. ఒకే పేరు, ఒకే అక్షరం, అర్థాలు వేరు. ఏ కనెక్షన్లు తెరిచి ఉన్నాయో చూపే నెట్‌స్టాట్‌తోనూ ఇదే తంటా. ఏ ప్రోగ్రామ్ ఆ కనెక్షన్ తెరిచిందో చూడాలంటే విండోస్‌లో మైనస్ ఓ పెట్టి ప్రాసెస్ నంబర్ తెచ్చుకుంటాం, లినక్స్‌లో మైనస్ పి పెడతాం. పైగా లినక్స్‌లో ఇప్పుడు నెట్‌స్టాట్ బదులు ఎస్ఎస్, మిషన్ చిరునామా చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ బదులు ఐపీ అనే కమాండ్లు వాడుతున్నారు. మీ పీడీఎఫ్‌లో ఇవన్నీ ఒకే పట్టికలో కలిపి పెట్టి ఉంటారు. చేతులు ఎలా ఆడతాయి?

పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ కూడా ఉంది. మన తెలుగులో ఆ తేడానే లేదు కాబట్టి మనవాళ్లు దాన్ని పట్టించుకోరు, నోట్సులో ఎలా పడితే అలా రాసుకుంటారు. దూరపు మిషన్‌లోకి పోయే ఎస్ఎస్‌హెచ్‌లో పోర్ట్ నంబర్‌కు (మిషన్ తలుపు నంబర్ అనుకో) చిన్న పి. దాని చెల్లెలి లాంటి, ఫైళ్లు పంపే ఎస్‌సీపీలో పోర్ట్‌కు పెద్ద పి. అక్కడ చిన్న పి పెడితే ఫైలు తేదీలు, పర్మిషన్లు అలాగే ఉంచమని అర్థం చేసుకుని నీ పోర్ట్ నంబర్‌ను ఇంకేదో అనుకుంటుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో దీని మీద ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను.

మరి ఏం గుర్తుపెట్టుకోవాలి? ప్రశ్నల వరస. ఆ ఇంటర్వ్యూలో నిన్ను అడిగింది కమాండ్లు కావు, ఆ వరసే.

మొదటి ప్రశ్న: ఈ మిషన్‌కు చిరునామా ఉందా? విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టు, చిరునామా, గేట్‌వే (బయటి నెట్‌కు పోయే ద్వారం) కనిపిస్తాయి, పక్కన స్లాష్ ఆల్ పెడితే డీఎన్ఎస్ (పేరును నంబర్‌గా మార్చేది) కూడా కనిపిస్తుంది. చిరునామా 169.254తో మొదలైతే అక్కడే ఆగు. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాక మిషన్ తనకు తానే పెట్టుకున్న నంబర్ అది. కేబుల్, స్విచ్ పోర్ట్ (కేబుల్ దూర్చే చోటు), డీహెచ్‌సీపీ సర్వర్ చూసుకోవాలి. ఇంక గూగుల్‌కు పింగ్ కొట్టి లాభం లేదు. చిరునామా బాగుంటే రెండో ప్రశ్న: గేట్‌వే పలుకుతోందా? మూడోది: బయటి నంబర్, 8.8.8.8 అనుకో, పలుకుతోందా? నాలుగోది: పేరుతో అడిగితే వస్తోందా? నంబర్‌తో వచ్చి పేరుతో రాకపోతే తప్పు డీఎన్ఎస్‌ది, ఎన్ఎస్‌లుకప్‌తో నిర్ధారించుకో. దారి మధ్యలో ఎక్కడ తెగిందో చూడాలంటే ట్రేస్‌ఆర్‌టీ. దానికి మైనస్ డి తగిలిస్తే ప్రతి మజిలీ పేరు వెతుకుతూ కూర్చోదు, తొందరగా ముగుస్తుంది.

జవాబును చదవడం కూడా పనే. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే పంపాను, తిరిగి ఏమీ రాలేదు అని. అవతలి మిషన్ పోయిందనుకోకు, ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రామ్ పింగ్‌ను ఆపి ఉండొచ్చు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే ఆ పని చేస్తుంది. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని నీ సొంత చిరునామా నుంచే జవాబు వస్తే, ప్యాకెట్ గడప దాటలేదని. ఈ రెండింటి తేడా చెప్పగలిగిన పిల్లలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆప్షన్ (మైనస్ పక్కన రాసే అక్షరం) గుర్తు రాకపోతే విండోస్‌లో కమాండ్ పక్కన స్లాష్, ప్రశ్నార్థకం, లినక్స్‌లో కమాండ్ ముందు మ్యాన్ అని కొట్టు. ఇంటర్వ్యూలో "సార్, హెల్ప్ చూసుకోవచ్చా" అని అడుగు. నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు ఆ మాట అడిగినవాళ్లకే మార్కులు ఎక్కువ వేసేవాణ్ని.

మెనూలను తక్కువ చేయడం లేదు. ప్యాకెట్ లోపల ఏముందో చూడాలంటే వైర్‌షార్క్ అనే మెనూల ప్రోగ్రామ్ తెరవడం మేలు. వరసగా వచ్చిన వెయ్యి ప్యాకెట్లను కలర్లతో, కుడి క్లిక్‌తో విప్పి చూసుకునే సుఖం నల్ల స్క్రీన్‌లో లేదు. ఫిల్టర్ మాత్రం అక్కడా టైపు చేయాలి. తప్పు రాస్తే ఆ పెట్టె ఎర్రబడుతుంది, సరిగ్గా రాస్తే పచ్చబడుతుంది.

మెనూయే కమాండ్ నేర్పే చోటు కూడా ఒకటుంది. నెట్‌వర్క్‌లో ఏ మిషన్లున్నాయో, వాటిలో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో వెతికే ఎన్‌మ్యాప్ అనే స్కానర్‌కు జెన్‌మ్యాప్ అని మెనూల రూపం ఉంది. అందులో పైన ప్రొఫైల్ అనే జాబితా ఉంటుంది, పక్కనో కిందనో కమాండ్ అనే గడి ఉంటుంది. జాబితాలో "పింగ్ స్కాన్" ఎంచుకుంటే గడిలో మైనస్ ఎస్ఎన్ వచ్చి కూర్చుంటుంది. "క్విక్ స్కాన్" అంటే మైనస్ టీ4, మైనస్ పెద్ద ఎఫ్. మామూలుగా వెయ్యి పోర్టులు చూసే ఎన్‌మ్యాప్ ఆ ఎఫ్ పెడితే వందే చూస్తుంది. ఒక్కో ప్రొఫైల్ మార్చి గడిలో ఏ అక్షరం వచ్చింది, ఏది పోయింది అని నోట్సులో రాసుకో. వారం చాలు. సిస్కో కంపెనీ స్విచ్‌లో అయితే నల్ల స్క్రీనే మెనూ ఇస్తుంది. షో అని కొట్టి ఖాళీ వదిలి ప్రశ్నార్థకం పెడితే ఆ తర్వాత రాగల మాటలన్నీ వరసగా చూపిస్తుంది.

ఒక హెచ్చరిక. ఎన్‌మ్యాప్‌ను నీ ఇంటి మిషన్ల మీదే నడుపు. కాలేజీ నెట్ మీద, బస్టాండ్ వైఫై మీద సరదాకు కూడా వద్దు. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్లలోకి దూరితే 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ ఉంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. సాధన కోసం ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ.ఎన్‌మ్యాప్.ఆర్గ్ అని ఒక మిషన్ పెట్టారు, దాన్ని నాలుగైదు సార్లు స్కాన్ చేసుకోవచ్చు.

ఒక్క మాట మరిస్తే ఏమవుతుందో నా అనుభవమే చెప్తాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసే రోజులు. కల్వకుర్తి బ్రాంచ్ స్విచ్‌లో కొత్త వీల్యాన్ (అదే స్విచ్‌లో వేరుచేసిన చిన్న నెట్‌వర్క్) ఒకటి, 30 నంబర్‌ది, ట్రంక్ పోర్ట్ (చాలా వీల్యాన్లు కలిసి పోయే దారి) మీద కలపాలి. రాయాల్సింది "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30". నేను యాడ్ అన్న మాట రాయలేదు. యాడ్ లేకపోతే ఉన్న జాబితాకు 30 కలవదు, జాబితా మొత్తం పోయి 30 ఒక్కటే మిగులుతుంది. ఎంటర్ కొట్టగానే నా స్క్రీన్ బిగుసుకుపోయింది. నేను లోపలికి పోయిన దారే నేను కోసేసుకున్నాను. బ్రాంచ్ మొత్తానికి నెట్ పోయింది. రాత్రి తొమ్మిదింటికి అక్కడ ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. ఫోన్ చేసి, గోడ మీది డబ్బాలో పచ్చ లైట్లు మెరుస్తున్న పెట్టె ప్లగ్ తీసి మళ్లీ పెట్టమన్నాను. "తీస్తే లైట్లన్నీ పోతయేమో సారూ" అని ఆయన, పోవు తీయమని నేను. మార్పును సేవ్ చేయలేదు కాబట్టి స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో లేచింది, బతికిపోయాను. సేవ్ చేసి ఉంటే ఆ రాత్రే కల్వకుర్తి బస్సెక్కేవాణ్ని. ఆ తర్వాత దూరపు స్విచ్ మీద చేయి వేసేముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టడం అలవాటు చేసుకున్నాను. దారి తెగినా పది నిమిషాలకు స్విచ్ తనే రీస్టార్ట్ అయి పాత స్థితికి వస్తుంది, అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్". నీ పీడీఎఫ్‌లో ఈ రెండూ ఉన్నాయో లేవో చూడు.

సాధనకు పెద్ద ఖర్చు లేదు. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, సిస్కో అకాడమీలో పేరు నమోదు చేసుకోవాలి. అందులో అన్ని కమాండ్లూ పనిచేయవు, కానీ మొదలుపెట్టడానికి చాలు. ఉన్న ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ (ల్యాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వేసి లినక్స్ పెట్టుకో. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ పరీక్షకు ఇప్పుడే కట్టకు. ఫీజు డాలర్లలో ఉంటుంది, సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. చేయి తిరిగాక రాస్తే ఆ మూడేళ్లూ పనికొస్తాయి.

మళ్లీ మీతో, అన్నా. మొదటి ఉద్యోగం డెస్క్‌టాప్ సపోర్టో, నెట్‌వర్క్ మానిటరింగ్ సెంటరో అవుతుంది. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, మానిటరింగ్‌లో రాత్రి షిఫ్టులు ఉంటాయి. అది ఇంట్లో ముందే మాట్లాడుకోండి, ఆఫర్ వచ్చాక గొడవ పడొద్దు. హైదరాబాదే పోవాలని లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆస్పత్రుల్లో, కాలేజీల్లో, ఊరూరా ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్ల దగ్గర కెమెరాలు, స్విచ్‌లు, వైఫై చూసుకునే మనిషి కావాలి. అక్కడ ఆరు నెలలు పనిచేసిన పిల్ల ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. బీఎడ్ మంచి చదువే, పిల్లకు పాఠం చెప్పడం ఇష్టమైతే. ఒక ఇంటర్వ్యూ పోయిందని చేయించే చదువు మాత్రం కాదు. ఆరు నెలలు గడువు ఇవ్వండి.

ఈ ఆదివారం నుంచి మీకూ ఒక పని. అమ్మాయి పక్క గదిలో ఉన్నప్పుడు ఇంటి రౌటర్ దగ్గర ఏదో ఒకటి చెడగొట్టండి. ఒకసారి ల్యాప్‌టాప్ కేబుల్ సగం ఊడదీయండి. ఇంకోసారి ఫైబర్ డబ్బా ప్లగ్ తీయండి. మరోసారి బంధువుల పిల్లాడితో ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్ నంబర్ తప్పుగా పెట్టించండి. ఏం చేశారో చెప్పొద్దు. ఆమె నల్ల స్క్రీన్ ముందు కూర్చుని, లేవకుండా, ఏ కమాండ్ కొట్టింది, ఏం జవాబు వచ్చింది, దాన్నిబట్టి ఏమనుకుంది అని కాగితం మీద రాసి తప్పు ఎక్కడుందో చెప్పాలి. అలాంటివి పది కాగితాలు అయ్యాక నాకు పంపండి, రెజ్యూమె ఎలా రాయాలో అప్పుడు చూద్దాం.